పొగ రానప్పుడు బోరెందుకు?

పాత కారున్న ఇళ్ళల్లో మగవాళ్ళ నోళ్ళు మూయించే మాట ఒకటుంది. "ఇంజను విప్పాలి సార్." మెకానిక్ ఆ మాట అనగానే మనవాళ్ళు చేతులు కట్టుకుని, తల పంకించి, ఎంతవుతుందని మాత్రం అడుగుతారు. ఏం చూసి చెప్పావు, దేనితో కొలిచావు అని ఒక్కరూ అడగరు. కూరగాయల బండి దగ్గర బెండకాయ తుంచి చూసి గానీ కొనని మనం కూడా, షెడ్డు గుమ్మం దగ్గరకొచ్చేసరికి చున్నీ సర్దుకుని పక్కకు నిలబడిపోతాం. అది మనది కాని చోటని ఎవరో ఎప్పుడో చెప్పేశారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయిల్ ప్రెషర్ తగ్గిందన్న ఒక్క కారణానికి ఏ పాత ఇంజన్నీ మొదటిరోజే విప్పకూడదు. చవకైన కారణాలు అరడజను ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్ళాక ఇంకేమీ మిగలకపోతే అప్పుడు విప్పాలి. ఇది ఇంజనీరింగ్ కాదు, ఇంట్లో మనం రోజూ చేసే పనే. మిక్సీ తిరగకపోతే ముందు ప్లగ్గు చూస్తాం గానీ మోటారు వైండింగ్ చేయించం కదా.

మాది 1972 అంబాసిడర్, మార్క్ 2. మావయ్యగారు కొన్నది. మా పెళ్ళికి మమ్మల్ని తెనాలి నుంచి విజయవాడ తీసుకొచ్చింది కూడా అదే కాబట్టి నాకూ దానికీ ముప్పై ఏళ్ళ పరిచయం. మావయ్యగారు బండి కింద దూరినప్పుడల్లా పానాలు అందించింది నేను. మా వారికి బండి తోలడం మీద ఉన్న ఇష్టం బండి లోపలి సంగతుల మీద లేదు. ఆదివారాలు ఆయన పేపరు చదువుకుంటుంటే నేనూ మావయ్యగారూ బానెట్ ఎత్తుకుని నిలబడేవాళ్ళం. అత్తయ్య "ఈ పిల్లకి వంటకంటే ఆ గ్రీజు ఎక్కువైంది" అనేవారు, కోపంగా కాదులెండి.

మొన్న మార్చిలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉండగా డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మిణుకు మిణుకుమంది. మా వారు కాస్త రేజ్ చేశారు, ఆరిపోయింది. "చూశావా, పోయింది" అన్నారు. పోలేదు. ఆ దీపం ఎలా పనిచేస్తుందో తెలిస్తే అలా అనరు. ఇంజను పక్కన ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోతే, అంటే ఇక నాలుగైదు పౌండ్లో ఎనిమిదో మిగిలితే తప్ప అది దీపాన్ని వెలిగించదు. అంటే ఆ దీపం ముందుగా చెప్పే చుట్టం కాదు, అంతా అయిపోయాక వచ్చి తలుపు కొట్టే చుట్టం. నిలబడి ఉన్నప్పుడు వెలిగి, రేజ్ చేస్తే ఆరిందంటే దానర్థం ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు బేరింగులకు నూనె సరిగా అందడం లేదని. ఇంక ఇంటిదాకా వెళ్ళి చూద్దాం అనుకోకూడదు. పక్కకు తీసి ఆపేయాలి. ఆ రోజు మేము ఆపి, తాడు కట్టించుకుని షెడ్డుకు చేర్చాం. తాడుకూ ఆటోకూ ఆరువందలైంది. అంతకంటే బాగా ఖర్చుపెట్టిన ఆరువందలు ఆ నెలలో లేవు.

ఆ షెడ్డు పేరు చెప్పను. అక్కడి ఆయన బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టించి, అర నిమిషం విని, "ఇంజను పోయింది సార్. బోరు చేయించాలి, పిస్టన్లు, రింగులు, వాల్వులు, క్రాంక్ గ్రైండింగు, బేరింగులు, ఆయిల్ పంపు, మొత్తం కలిపి 75,000" అన్నాడు. డిప్ స్టిక్ కూడా బయటకు తీయలేదు. మీటరు పెట్టలేదు. మా వారు ఫోను తీసి బ్యాంకు యాప్ తెరిచారు.

బ్యాంకులో ఏముందో నాకు తెలుసు, ఎందుకంటే లెక్క రాసేది నేను. అమ్మాయి ఆఖరి సంవత్సరం ఫీజూ హాస్టలూ జూన్‌లో కట్టాలి, దానికి పక్కన పెట్టిన 92,000 ఉంది. హైదరాబాద్ నుంచి మా మరిది ఫోన్ చేసి, "వదినా, తూకానికి అమ్మేయండి, ఇంకెన్నాళ్ళు" అన్నాడు. మావయ్యగారికి ఎనభై నాలుగు. రెండు చెవులూ సరిగా వినపడవు. మేము ఏం మాట్లాడుకుంటున్నామో ఆయనకు వినపడలేదు గానీ, మొహాలు చూసి అర్థమైంది. ఆ రాత్రి పెరుగన్నం వదిలేసి లేచారు.

నేను ఆయన్ని అడిగింది ఒక్కటే, ఆ షెడ్డు ఆయన్ని. "పొగ రావట్లేదు కదా, మరి బోరెందుకు?" అని. "మీకు తెలీదమ్మా" అన్నాడు. ఆ జవాబు ఎవరు చెప్పినా, డాక్టరు చెప్పినా, ప్లంబరు చెప్పినా, నేను అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను.

ఎందుకు అడిగానో చెప్తాను, ఇది మీకెవరికైనా పనికిరావచ్చు. ఇంజను అరిగిపోవడం అంటే ఒకటే జబ్బు అనుకుంటారు చాలామంది. రెండు వేర్వేరు చోట్ల అరుగుతుంది. పిస్టన్ పైకీ కిందకీ తిరిగే గొట్టం అరిగితే దాన్ని బోరు పోవడం అంటారు. అప్పుడు నూనె పైకెక్కి కాలిపోతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, నూనె మాటిమాటికీ పోయాల్సి వస్తుంది, ఎత్తు ఎక్కడానికి బండి ఏడుస్తుంది. కింద క్రాంకు తిరిగే చోట బేరింగులు అరిగితే అది వేరు. అప్పుడు పొగ రాదు, ప్రెషర్ పడిపోతుంది. ఆయిల్ ప్రెషర్‌కూ బోరుకూ దాదాపు సంబంధమే లేదు. మా బండి ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి వెళ్ళి రావడానికి చుక్క నూనె తాగదు, వెనక గోడకు పొగ మరక కూడా పట్టదు. అలాంటప్పుడు ప్రెషర్ తగ్గిందని బోరు చేయించడం అంటే మోకాలు నొప్పికి కళ్ళజోడు మార్పించడమే.

ప్రెషర్ అనేది ఎలా వస్తుందో అర్థం కావాలంటే మీ ఇంటి మేడమీద ట్యాంకు తలుచుకోండి. బాత్రూములో ఒక్క కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వస్తాయి. అదే సమయంలో వంటింట్లో, పెరట్లో, కింద వాటాలో అన్ని కుళాయిలూ తిప్పితే మీ షవర్ చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ట్యాంకు తగ్గలేదు, పైపు చిన్నది కాలేదు, బయటకు పోయే దారులు ఎక్కువయ్యాయి. ఇంజనులో పంపు నూనెను తోస్తుంది, బేరింగుల్లో ఉన్న సన్నని సందు ఆ నూనెను బిగపట్టి ఉంచుతుంది. ఆ సందు పెద్దదైతే నూనె సులువుగా జారిపోయి ప్రెషర్ నిలవదు. అదే విధంగా నూనె పలచబడినా జారిపోతుంది. పంపు అరిగినా, పంపుకు నూనె అందించే జల్లెడ మూసుకుపోయినా, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే వాల్వు తెరుచుకుని ఉండిపోయినా ఫలితం ఒకటే. దీపం మాత్రం ఒకటే వెలుగుతుంది. దీపం చూసి కారణం చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

ఇంకో చిత్రమైన సంగతి, దీపం అబద్ధం కూడా చెప్పొచ్చు. ఆ స్విచ్చి నుంచి వచ్చే వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినా దీపం వెలుగుతుంది. ఇంజను ఆపి, సెల్ఫ్ కొట్టకుండా తాళం మాత్రం తిప్పి, స్విచ్చి దగ్గర వైరు పీకి చూస్తే తెలిసిపోతుంది. పీకగానే ఆరితే వైరు మంచిదే, పీకినా వెలుగుతుంటే దోషం వైరుది. వైరు మంచిదని తేలినా స్విచ్చే చెడిపోయి ఉండొచ్చు కదా, అందుకని స్విచ్చిని నమ్మకుండా దాని స్థానంలో ముల్లు మీటరు బిగించి అసలు ప్రెషర్ ఎంతో చూడాలి. ఆ మీటరు ఏ పెద్ద మేస్త్రీ దగ్గరైనా ఉంటుంది. పది నిమిషాల పని. 75,000 రూపాయల మాట చెప్పేముందు పది నిమిషాలు ఖర్చుపెట్టలేని వాళ్ళ చేతికి ఇంజను ఇవ్వకూడదని నా పట్టు.

ఆటోనగర్‌లో మావయ్యగారికి పాత పరిచయమున్న పెద్ద మేస్త్రీ ఉన్నారు. ఇప్పుడు పని కొడుకులు చూస్తున్నారు, ఆయన కుర్చీలో కూర్చుని చెప్తుంటారు. బండిని అక్కడికి తాడు కట్టి చేర్పించాను. మా వారు ఆఫీసుకెళ్ళారు, నేనూ మావయ్యగారూ వెళ్ళాం. ఆటోనగర్‌లో ఆడమనిషి స్టూలేసుకుని కూర్చుంటే మొదటి అరగంట అందరూ చూస్తారు, తర్వాత టీ తెచ్చిస్తారు.

మేస్త్రీగారు మొదట డిప్ స్టిక్ తీయించారు. నూనె ఉండాల్సిన గీత కంటే పైన ఉంది. ఆయన కొడుకు "ఫుల్లుగానే ఉంది నాన్నా" అన్నాడు. నేను ఆ పుల్ల తీసుకుని వాసన చూశాను. పెట్రోలు వాసన. వంటింట్లో ముప్పై ఏళ్ళు నూనెతో కాపురం చేసిన ముక్కుకు ఆ మాత్రం తెలియకపోతే ఎలా? కాగిన నూనెలో నీటి చుక్క పడితే మనకు శబ్దం వినపడకముందే తెలుస్తుంది. వేళ్ళ మధ్య రుద్దితే నూనె జిడ్డుగా సాగలేదు, చారులా జారింది. మేస్త్రీగారికి ఇచ్చాను. ఆయనా వాసన చూసి, నవ్వి, "ఏసీ పంపు విప్పరా" అన్నారు.

ఈ ఏసీ పంపుకూ చల్లగాలికీ సంబంధం లేదు. ట్యాంకు నుంచి పెట్రోలును లాగి కార్బురేటరుకు పంపే చిన్న పంపుకు షెడ్లలో ఆ పేరు. ఇంజను పక్కనే బిగించి ఉంటుంది, లోపల ఒక మెత్తని పొర కిందకీ పైకీ కదులుతూ పెట్రోలును తోస్తుంది. ఆ పొరకు చిల్లు పడితే పెట్రోలు కొంత తిన్నగా ఇంజను కింద నూనె ఉండే చాంబరులోకి కారుతుంది. చుక్క చుక్కగా కారి నూనె మట్టం పెరుగుతుంది. చూసేవాళ్ళకు నూనె నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకే మట్టం తగ్గడం కంటే పెరగడం ప్రమాదం. నూనె తాగే ఇంజను గురించి అందరూ భయపడతారు, నూనె పెరిగే ఇంజను గురించి ఎవరూ ఆలోచించరు. పలచబడిన నూనె బేరింగుల్లో నిలవదు, పైగా వేడి ఇంజనులో పెట్రోలు ఆవిరి అంటే నిప్పుతో ఆట. ఆ రోజే పాత నూనె మొత్తం దింపేశారు.

పొర చూపించారు. అంచున గోరంత చీలిక. ఈమధ్య పాత బండ్లకు ఇలాంటివి ఎక్కువవుతున్నాయని మేస్త్రీగారి మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ దాకా ఇథనాల్ కలుపుతున్నారు. యాభై ఏళ్ళ కిందటి రబ్బరు దానికోసం చేసింది కాదు, ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, చీలుతుంది. మీ ఇంట్లో పాత బండి ఏదైనా ఉంటే, స్కూటరైనా సరే, పెట్రోలు పైపులూ పంపు పొరా కొత్తరకం రబ్బరువి వేయించుకోండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

కొత్త పంపు వేసి, కొత్త నూనె, 20డబ్ల్యూ 50 పోసి, ఫిల్టరు మార్చి, దీపం స్విచ్చి ఉన్నచోట ముల్లు మీటరు బిగించారు. టైరులో గాలి ముప్పై, ముప్పై రెండు కొట్టించుకుంటాం చూడండి, అదే పౌండ్ల లెక్క ఇదీ. ఈ ఇంజనుకు వేడెక్కాక పరుగులో 50 దగ్గర, ఆగి ఉన్నప్పుడు 15 దగ్గర ఉంటే ఆరోగ్యం. మాది చల్లగా ఉన్నప్పుడు 60 చూపించింది. దాన్ని చూసి సంబరపడకూడదు, చల్లటి నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి ఎవరికైనా అంతే చూపిస్తుంది. ఆటోనగర్ నుంచి కానూరు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, బాగా వేడెక్కాక చూస్తే పరుగులో 38, ఆగి ఉంటే 11. దీపం వెలగలేదు. మావయ్యగారు మీటరు వైపు చూసి వేలు ఊపారు. చాలదని.

చాలదన్నది నిజమే. ఇక్కడ ఇంకో చవకైన కారణం మిగిలి ఉంది. ఇంజనుకు ఎడమ పక్క, వెనగ్గా, గోపురంలాంటి తల ఉన్న బోల్టు ఒకటి ఉంటుంది. దాని వెనక ఒక స్ప్రింగు, స్ప్రింగు ముందు చిన్న గిన్నెలాంటి ముక్క. దీన్ని రిలీఫ్ వాల్వు అంటారు. మన కుక్కర్ మీద వెయిట్ ఎందుకుంటుందో ఇదీ అందుకే ఉంటుంది. ప్రెషర్ మితిమీరితే స్ప్రింగును నెట్టుకుని నూనె కొంత తిరిగి చాంబరులోకి పోతుంది. వెయిట్ కింద మెతుకు ఇరుక్కుంటే కుక్కరు కూత పెట్టకుండా సన్నగా ఆవిరి వదులుతూనే ఉంటుంది కదా, పప్పు ఉడకదు. సరిగ్గా అలాగే ఆ గిన్నె కూర్చునే చోట మడ్డి పట్టినా గీత పడినా నూనె దారి తప్పుతూనే ఉంటుంది. మాదాంట్లో నల్లటి జిగురు, గిన్నె అంచుకు ఒక చిన్న గీత. శుభ్రం చేసి, అంచు నున్నగా కూర్చునేలా పేస్టుతో అరగదీసి బిగించారు. పరుగులో 46, ఆగి ఉంటే 13.

కుర్రమెకానిక్ ఒకడు "స్ప్రింగు వెనకాల రెండు వాషర్లు వేస్తే 55 చూపిస్తది మేడం" అన్నాడు. మేస్త్రీగారు వాడి వైపు చూసిన చూపు నాకు నచ్చింది. వాషర్లు వేస్తే వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది, పరుగులో ముల్లు కాస్త పైకి వెళుతుంది. ఆగి ఉన్నప్పుడు ఎటూ వాల్వు మూసే ఉంటుంది కాబట్టి అసలు లోటు అలాగే ఉంటుంది. ఇంటికి చుట్టాలొస్తున్నారని గోడ పగులుకు క్యాలెండరు తగిలించడం. చిక్కటి నూనె పోసెయ్యడం, డబ్బాల్లో అమ్మే చిక్కదనం మందు కలపడం కూడా నా లెక్కలో ఇదే. వాటివల్ల మీటరు బాగుపడుతుంది, ఇంజను కాదు. బండి అమ్మబోయేవాళ్ళు ఆ పని చేస్తారని విన్నాను. కొనేవాళ్ళలో మీరుంటే, బండిని బాగా వేడెక్కించాక గానీ మీటరు చూడకండి.

మొత్తం బిల్లు 5,150. పంపు, నాలుగు లీటర్ల పైచిలుకు నూనె, ఫిల్టరు, వాషర్లు, కూలి. పాత పంపు, ఆ చీలిన పొర సంచిలో వేయించుకుని తెచ్చాను. మార్చిన సామాను ఇంటికి తెచ్చుకోవడం నా నియమం. మొహమాటపడక్కర్లేదు, అది మన డబ్బుతో కొన్న వస్తువే.

మరి ఇంజను ఎప్పుడూ విప్పక్కర్లేదా అంటే, అదీ కాదు. ఇన్ని చూశాక కూడా ఆగి ఉన్నప్పుడు ప్రెషర్ లేవకపోతే, బరువు మీద ఎత్తెక్కేటప్పుడు కింద నుంచి డబ్ డబ్ అని బరువైన చప్పుడు వస్తే, దింపిన నూనెలో మెరిసే రజను కనిపిస్తే అప్పుడు మాట్లాడకుండా చాంబరు దింపించాలి. అప్పుడు కూడా ముందు చాంబరే. జల్లెడ, పంపు, కింది బేరింగులు ఇంజను బండిలోనే ఉంచి చూడొచ్చు. క్రాంకును మైక్రోమీటరుతో కొలిచి, గుండ్రం తప్పిందో లేదో తేల్చి, అవసరమైతేనే అరగదీసి పది థౌ, ఇరవై థౌ సైజు బేరింగులు వేస్తారు. కొలతలు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వని వాళ్ళు కొలవలేదనే నేను అనుకుంటాను. ఇంకొకటి, పంపు విప్పి బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పంపులో నూనె నింపి, ప్లగ్గులు తీసేసి, మీటరు ముల్లు లేచేదాకా సెల్ఫుతో తిప్పాలి. పంపులో గాలి ఉంటే నూనె లాగదు, కొత్త బేరింగులు మొదటి నిమిషంలోనే గీసుకుపోతాయి. వేలు పోసి చేయించిన పనిని తొందర ఒక్క నిమిషంలో తినేస్తుంది.

మా మరిది మాత్రం ఇంకా తన మాట మీదే ఉన్నాడు. "పోనీ వింటేజ్ కింద రిజిస్టర్ చేయించండి, విలువ పెరుగుతుంది" అంటున్నాడిప్పుడు. 2021లో వచ్చిన నిబంధన అది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లకు వేరే నంబరు ఇస్తారు. బాగానే ఉంది గానీ, అలా చేయిస్తే బండిని ర్యాలీలకూ ప్రదర్శనలకూ మరమ్మతులకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. మావయ్యగారిని ఆదివారం మంగళగిరి పానకాలస్వామి దగ్గరకు తీసుకెళ్ళడానికి లేని బండి మాకు ఎంత విలువదైతే ఏం? అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి, ఫీజు కట్టి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటున్నాం.

ఇంకో అపోహ కూడా ఉంది. అంబాసిడర్ సామాను దొరకదని. ఉత్తరపారాలో ఆ బండి తయారీ 2014 మే నెలలో ఆగిపోయిన మాట నిజమే. కానీ మా బండిలో ఉన్నది 1489 సీసీ బీ సిరీస్ ఇంజను. ఇంగ్లండులో 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టింది ఆ కుటుంబపు ఇంజనే. ప్రపంచమంతా దాన్ని ప్రేమగా చూసుకునేవాళ్ళున్నారు. ఆటోనగర్‌లో బేరింగులూ పంపులూ ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనిది, ఓపికగా కొలిచి చెప్పే మనిషి.

అందుకే అంటున్నాను, షెడ్డుకు మనమూ వెళ్ళాలి. మగవాళ్ళకు తెలివి లేదని కాదు. బండి గురించి తెలియదని ఇంకో మగవాడి ముందు ఒప్పుకోవడం వాళ్ళకు కష్టం, మా వారితో సహా. మనకు ఆ ఇబ్బంది లేదు. మనకు తెలియదనే అందరూ అనుకుంటారు కాబట్టి ఎన్ని ప్రశ్నలైనా హాయిగా అడగొచ్చు. మీటరు పెట్టారా? వేడి మీద ఎంత, చలవ మీద ఎంత? ఇదే కారణమని ఎలా తెలిసింది? ఇది కాకపోతే తర్వాత ఏది? ఈ నాలుగూ అడిగితే సగం ఎస్టిమేట్లు సగానికి వస్తాయి. ఇంటి ఖర్చులో కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి బేరమాడి, షెడ్డులో 75,000 దగ్గర మౌనంగా ఉండటం నాకు ఎప్పుడూ అర్థం కాని పొదుపు.

మావయ్యగారి సంగతి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు ఆయన పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారు. ఏ బేరింగు మూలుగుతోందో, ఏ వాల్వు కొట్టుకుంటోందో దాంతోనే చెప్పేవారు. ఇప్పుడు ఆ చెవి లేదు. ఆ రోజు ఆటోనగర్‌లో బండి స్టార్ట్ చేశాక ఆయన లేచి వెళ్ళి ఇంజను కింది అంచు దగ్గర, వేడి తగలనంత దూరంలో, అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. చాలాసేపు. తర్వాత నన్ను పిలిచి నా చెయ్యి అక్కడ పెట్టించారు. "మూడోది" అన్నారు. నాకు సన్నటి అదురు తప్ప ఏమీ తెలియలేదు. మేస్త్రీగారు స్క్రూడ్రైవర్ తెచ్చి చెవికి పెట్టుకుని విని, మూడో సిలిండరు కింద బేరింగు కాస్త వదులుగానే ఉందన్నారు. చప్పుడు పైకి వినపడేంత కాదు, కానీ మొదలైంది. ఆ 13, 15 దాకా పోకపోవడానికి అదే కారణం కావచ్చు.

ఆ బేరింగు పని దసరా తర్వాత పెట్టుకున్నాం. చాంబరు దింపి, కొలిచి, అవసరమైతే బేరింగులు మార్చడానికి మేస్త్రీగారు 18,000 దాకా అవుతుందన్నారు, కాగితం మీద రాసిచ్చారు. బోరు ఊసు లేదు. అమ్మాయి ఫీజు జూన్ మొదటి వారంలోనే కట్టేశాం. నెలకు మూడువేల చొప్పున వేరే కవర్లో వేస్తున్నాను. అప్పటిదాకా బండి ఆదివారాలే, నలభై దాటకుండా, నేను పక్క సీట్లో కూర్చుని మీటరు చూస్తూ.

పాలవాడి లెక్క రాసే నోటుపుస్తకంలో వెనక పేజీ దానికిచ్చాను. మొన్న ఆదివారం, మంగళగిరి వెళ్ళొచ్చాక, ఆగి ఉండగా 12. అంతకుముందు వారం 13. నూనె మట్టం గీత దగ్గరే ఉంది, పెట్రోలు వాసన లేదు. ఈ ఆదివారం 11 చూపిస్తే దసరాదాకా ఆగకూడదని మేస్త్రీగారికి ఫోన్ చేసి చెప్పి ఉంచాను.